జాతి గడిలో ఏం రాయాలి?

2018 జూలై 15న మాస్కోలో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ జట్టు క్రొయేషియాను 4-2 తేడాతో ఓడించి ప్రపంచకప్పు అందుకుంది. ఆ వారమే అమెరికాలో ఒక టీవీ కార్యక్రమం నడిపే దక్షిణాఫ్రికా హాస్యనటుడు ట్రెవర్ నోవా, గెలిచింది ఆఫ్రికాయే అంటూ సంబరపడ్డాడు. ఆ జట్టులో సగానికి పైగా ఆటగాళ్ల తల్లిదండ్రులో తాతలో ఆఫ్రికా నుంచి వలస వచ్చినవాళ్లే. నల్లపిల్లలు ప్రపంచాన్ని గెలిచారన్న ఆనందం తప్ప ఆ మాటలో మరొకటి లేదు. వాషింగ్టన్‌లోని ఫ్రెంచ్ రాయబారి జెరార్ అరోకు మాత్రం అది అవమానంగా వినిపించింది. ఆయన వెంటనే ఉత్తరం రాశాడు. 23 మంది ఆటగాళ్లలో ఇద్దరు తప్ప అందరూ ఫ్రాన్స్‌లోనే పుట్టారనీ, వాళ్లను ఆఫ్రికావాళ్లంటే తెల్లగా ఉన్నవాడే అసలైన ఫ్రెంచివాడనే వాదానికి బలం చేకూర్చినట్టవుతుందనీ ఆ ఉత్తరం సారాంశం. నోవా దాన్ని చదివి వినిపించి, ఒక మనిషి ఫ్రెంచివాడూ ఆఫ్రికావాడూ రెండూ ఎందుకు కాకూడదని అడిగాడు. ఇంతలో ఆటగాళ్ల పేర్ల పక్కన వాళ్ల తాతల దేశాల జెండాలు పెట్టి ఎవరో పంచిన జాబితా ఒకటి చక్కర్లు కొట్టింది. ఆ జట్టు ఆటగాడే అయిన బెంజమిన్ మెండీ అన్ని పేర్ల పక్కనా ఫ్రాన్స్ జెండాయే ఉంచి దాన్ని తిరిగి పెట్టాడు.

ఈ గొడవలో చెడ్డవాళ్లెవరూ లేరు. నోవా, అరో ఇద్దరూ అవే పిల్లల గౌరవం కోసం మాట్లాడారు. అయినా ఒకరి మాట ఇంకొకరికి ఎక్కలేదు. రోజూ లక్షల మంది మధ్య ఇలాగే జరుగుతోంది. ఒక దేశంవాడు మర్యాదగా వేసిన ప్రశ్న ఇంకో దేశంవాడి చెవిలో తిట్టులా పడుతుంది. దీన్ని మర్యాద తెలియకపోవడం అనో, చదువు చాలకపోవడం అనో కొట్టిపారేస్తే అసలు విషయం చేజారిపోతుంది. ఇద్దరి వెనకా రెండు రాజ్యాలున్నాయి. ఆ రాజ్యాలు తమ ప్రజలను ఒకప్పుడు లెక్కపెట్టి పుస్తకాల్లో రాసుకున్న తీరు ఉంది. ఆ లెక్కల వల్ల కొందరు బతికారు, కొందరు చచ్చారు.

ఫ్రాన్స్ సంగతే చూడాలి. 1940లో జర్మనీకి లొంగిపోయాక, ఆక్రమిత పారిస్‌లో యూదులందరూ పోలీస్ స్టేషన్లకు వచ్చి పేర్లు నమోదు చేయించుకోవాలని ఉత్తర్వు వెలువడింది. చాలామంది వెళ్లి రాయించుకున్నారు. పౌరులు కదా, చట్టం చెబితే వినాలి కదా అనుకున్నారు. ఆ పేర్లతో పోలీసులు కార్డుల బీరువాలు తయారుచేశారు. ఇంటిపేరు ప్రకారం ఒక వరస, వీధి ప్రకారం ఒక వరస. 1942 జూలై 16, 17 తేదీల్లో ఫ్రెంచ్ పోలీసులే ఆ కార్డులు చేతపట్టుకుని ఇళ్ల తలుపులు కొట్టారు. దాదాపు 13 వేల మందిని పట్టుకున్నారు. వాళ్లలో 4 వేలకు పైగా పిల్లలే. వాళ్లలో చాలామందిని ఒక సైకిల్ పందేల స్టేడియంలో కుక్కి, ఆ తర్వాత ఆష్‌విట్జ్‌కు పంపారు. మనిషి పుట్టుకను రాజ్యం ఒక కార్డు మీద రాసిపెట్టుకుంటే ఏం జరుగుతుందో ఆ దేశం కళ్లారా చూసింది. 1978 నాటి చట్టం ప్రకారం అక్కడ పౌరుల జాతి మూలాలను నమోదు చేయడం మామూలుగా నిషిద్ధం. జాతివారీ గణాంకాలకు దారి తీసే ఒక ప్రయత్నాన్ని 2007లో రాజ్యాంగ మండలి కొట్టేసింది. అరో ఉత్తరం ఆ జ్ఞాపకం రాయించిన ఉత్తరం.

అమెరికాది వేరే గాయం. 1790లో జరిగిన మొదటి జనగణన నుంచే అక్కడ తెల్లవాళ్లను ఒక లెక్క, బానిసలను ఒక లెక్క కట్టారు. తర్వాత నల్లవాళ్లకు ఓటు, ఇల్లు, బడి దక్కకుండా చేసిన వివక్షను రుజువు చేయడానికి పనికొచ్చినవీ ఆ లెక్కలే. 1965 ఓటు హక్కు చట్టం అమలవుతోందో లేదో చూడాలంటే ఏ జిల్లాలో ఎంతమంది నల్లవాళ్లున్నారో, వాళ్లలో ఎంతమంది ఓటర్లుగా నమోదయ్యారో తెలియాలి. లెక్క లేకపోతే అన్యాయం కనిపించదు. కాబట్టి జాతి పేరెత్తని సమానత్వం అంటే నిజాన్ని కప్పిపుచ్చడమేనని అక్కడివాళ్లకు అనిపిస్తుంది.

ఆ దేశపు గడులు కూడా దేవుడు గీసినవి కావు. 1920, 1930, 1940 జనగణనల్లో భారతదేశం నుంచి వెళ్లినవాళ్ల జాతి గడిలో ‘హిందూ’ అని రాశారు. కాలిఫోర్నియా పొలాల్లో చెమటోడ్చిన పంజాబీ సిక్కులు, ముస్లింలు అందరూ ఆ కాగితాల్లో హిందూ జాతివాళ్లే. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే సిక్కు తాను ఆర్యుణ్ణి గనుక తెల్లవాడి కిందికే వస్తానని పౌరసత్వం కోసం వాదించాడు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు, పండితులు ఏమన్నా సరే, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావని తేల్చింది. ఈ తర్కం, అంటే సామాన్యుడి చూపే కొలబద్ద కావడం, నలభై ఏళ్ల తర్వాత ఇంకో ఖండంలో ఇంకో కోర్టులో మళ్లీ వినిపిస్తుంది. 1980 జనగణన నుంచి అక్కడ ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి వచ్చింది. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన తెలుగు పిల్లలు టిక్కు పెట్టేది అందులోనే. తెలుగు అన్న మాటకు అక్కడ చోటు లేదు. గుంటూరులోని అమ్మమ్మకు వాళ్లు ముందు తెలుగువాళ్లు, తర్వాతే మరేదైనా.

ఈ తగాదాల అడుగున ఉన్న ప్రశ్న నిజానికి మతానికి సంబంధించింది, చాలా పాతది. మనిషి ఫలానావాడు కావడం పుట్టుక వల్లనా, నమ్మకం వల్లనా, రాజ్యం రాసిన రాత వల్లనా? మతం మారితే జాతి మారుతుందా? తన గురించి తాను చెప్పుకున్న మాట చెల్లుతుందా, లేక తనవాళ్లు ఒప్పుకోవాలా? ఈ ప్రశ్నతో యూదులంత దీర్ఘకాలం, అంత మూల్యం చెల్లించి పెనుగులాడినవాళ్లు అరుదు.

సోవియట్ యూనియన్‌లో 1932 చివర్లో దేశం లోపల తిరగడానికే పాస్‌పోర్టులు పెట్టారు. అందులో పౌరసత్వం కాక జాతి కోసం వేరే గడి ఉండేది. రష్యన్, ఉక్రేనియన్, ఆర్మేనియన్, తాతార్, యూదు, ఇలా. దేవుడు లేడని చెప్పే రాజ్యం గనుక యూదు అన్నదాన్ని మతంగా లెక్కించలేదు, రక్తంగా లెక్కించింది. సినగాగ్ ముఖమే ఎరుగని, హీబ్రూ అక్షరం రాని, పంది మాంసం తినే కమ్యూనిస్టు కూడా తల్లిదండ్రులు యూదులైతే యూదుడే. తల్లిది ఒక జాతి, తండ్రిది ఒక జాతి అయితే 16 ఏళ్లు నిండినప్పుడు రెండింట్లో ఒకటి ఎంచుకోవచ్చు. ఉద్యోగ దరఖాస్తుల్లో ఈ ప్రశ్న అయిదో వరసలో ఉండేది కాబట్టి జనం దాన్ని ‘అయిదో గడి’ అనేవాళ్లు. ‘ఆయన అయిదో గడిలో ఇబ్బంది ఉంది’ అంటే అర్థం అందరికీ తెలుసు.

ఎడ్వర్డ్ ఫ్రెంకెల్ అనే గణిత శాస్త్రవేత్త కథ దీన్ని దగ్గరగా చూపిస్తుంది. మాస్కోకు దగ్గర్లోని కొలోమ్నా ఊరివాడు. తండ్రి యూదుడు, తల్లి రష్యన్. 1984లో 16 ఏళ్ల వయసులో మాస్కో స్టేట్ యూనివర్సిటీ గణిత విభాగంలో చేరాలనుకున్నాడు. అక్కడ వాకబు చేస్తే ఒకామె జాతి ఏమిటని అడిగింది. రష్యన్ అన్నాడు. అమ్మానాన్నల జాతి ఏమిటని అడిగింది. తండ్రి యూదుడని చెప్పగానే, ఇక్కడ దరఖాస్తు పెట్టడం దండగ అని ముందే చెప్పేసింది. అయినా వెళ్లాడు. మౌఖిక పరీక్షలో ఇద్దరు పరీక్షకులు గంటల తరబడి, వేరే పిల్లలెవరికీ ఇవ్వని లెక్కలిచ్చి, ప్రతి జవాబులోనూ తప్పులు వెదికారు. అలాంటి లెక్కలకు అక్కడి విద్యార్థులు పెట్టుకున్న పేరు ‘శవపేటికలు’. ఫ్రెంకెల్‌కు చివరికి చమురు, గ్యాస్ చదువులు చెప్పే సంస్థలో సీటు దొరికింది. కొన్నేళ్లకే ఆయన్ని హార్వర్డ్ పిలిచింది. తర్వాత బర్కిలీలో ప్రొఫెసర్ అయ్యాడు.

అదే కుర్రాడు అమెరికా కాకుండా ఇజ్రాయెల్ వెళ్లి ఉంటే? యూదు మతధర్మం ప్రకారం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదుడు. తల్లి రష్యన్ కాబట్టి అక్కడి రబ్బీల లెక్కలో ఆయన యూదుడు కాడు. మాస్కోలో యూదుడని తలుపు వేశారు, జెరూసలేంలో యూదుడు కాడని రాసేవాళ్లు. ఇది ఊహ అనుకోనక్కర్లేదు. 1989 తర్వాత పాత సోవియట్ దేశాల నుంచి ఇజ్రాయెల్‌కు సుమారు 10 లక్షల మంది వెళ్లారు. వాళ్లలో లక్షల మంది పరిస్థితి సరిగ్గా ఇదే. పౌరులు, పన్ను కడతారు, పిల్లలు సైన్యంలో చేరతారు. కానీ ఆ దేశంలో పెళ్లి మతపెద్దల చేతుల్లోనే ఉండటంతో వాళ్లు పెళ్లి చేసుకోవడానికి సైప్రస్‌కు విమానం ఎక్కుతారు. ‘అక్కడ మేం యూదులం, ఇక్కడ మేం రష్యన్లం’ అన్న మాట వాళ్లలో చాలా ఇళ్లలో వినిపిస్తుంది. వాళ్లలో ఒకరు ‘నేను యూదుణ్ణి’ అంటే, ‘కాదు, నువ్వు యూదుడివి కావు’ అని ఎక్కడో న్యూయార్క్‌లో కూర్చున్న భక్తుడు సరిదిద్దడం, దానికి ఆ మనిషి రగిలిపోవడం, చూసేవాళ్లకు ఇదేం పట్టుదల అనిపించవచ్చు. ఆ మాట కోసం తండ్రి ఉద్యోగం పోగొట్టుకున్నాడని తెలిస్తే అలా అనిపించదు.

ఈ ప్రశ్న మొత్తం ఒక్క మనిషిలో మూర్తీభవించిన సందర్భం ఉంది. ఓస్వాల్డ్ రూఫైజెన్ 1922లో పోలండ్‌లో, తర్వాత ఆష్‌విట్జ్‌గా ప్రపంచానికి తెలిసిన చోటికి దగ్గర్లో, యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే పాలస్తీనాకు వెళ్లి స్థిరపడాలని కలలుగన్న యువజన సంఘంలో ఉన్నాడు. జర్మన్ బాగా వచ్చు. యుద్ధంలో పారిపోతూ ఇప్పటి బెలారూస్‌లో ఉన్న మీర్ అనే చిన్న పట్నం చేరాడు. సగం జర్మన్ రక్తం ఉన్న పోలండ్‌వాడినని నమ్మించి, జర్మన్ పోలీసుల దగ్గర దుబాసీగా కుదిరాడు. పగలు వాళ్ల యూనిఫాం వేసుకుని తిరిగేవాడు. రహస్యంగా అక్కడి యూదులకు తుపాకులు చేరవేసేవాడు. అప్పటికి యూదులందరినీ ఊళ్లోని పాత కోటలోకి తోసి కాపలా పెట్టారు.

1942 ఆగస్టులో వాళ్లందరినీ చంపే తేదీ నిర్ణయమైన సంగతి దుబాసీకి తెలిసింది. కోటలోకి కబురు పంపాడు. ఫలానా రాత్రి ఫలానా చోట గెరిల్లాలు దాడి చేస్తారని దొంగ సమాచారం ఇచ్చి పోలీసులను ఊరవతలికి పంపేశాడు. ఆ రాత్రి దాదాపు 300 మంది కోట దాటి అడవుల్లోకి పారిపోయారు. వెళ్లలేక ఉండిపోయినవాళ్లను కొద్దిరోజుల్లోనే చంపేశారు. లోపలివాడే ఒకడు రూఫైజెన్ పేరు బయటపెట్టాడు. అధికారి నిలదీసినప్పుడు, తాను యూదుణ్ణని ఆయన తానే ఒప్పుకున్నాడు. ఎలాగో తప్పించుకుని పక్కనే ఉన్న కేథలిక్ సిస్టర్ల మఠంలో తలదాచుకున్నాడు. పోలీస్ స్టేషన్ పొరుగునే, ఏడాదికి పైగా, అవసరమైతే సిస్టర్ల దుస్తులే వేసుకుని. అక్కడ చేతికందిన కొత్త నిబంధన చదివాడు. తన జనాన్ని ఊచకోత కోస్తున్న రోజుల్లో, యూదుడిగా పుట్టి శిలువ మీద మరణించినవాడిలో ఆయనకు ఒక జవాబు కనిపించింది. జ్ఞానస్నానం తీసుకున్నాడు. యుద్ధం అయ్యాక కార్మెలైట్ సభలో చేరి గురువు అయ్యాడు. బ్రదర్ డేనియల్ అన్న పేరు పెట్టుకున్నాడు.

అయినా తాను యూదుణ్ణేనన్న మాట వదల్లేదు. 1959లో పోలండ్ పౌరసత్వం వదులుకుని ఇజ్రాయెల్ చేరాడు. కమ్యూనిస్టు పోలండ్ ఆయన్ని యూదుడిగానే పంపింది. హైఫాలో కార్మెల్ కొండ మీది స్టెల్లా మారిస్ మఠంలో ఉంటూ, 1950 నాటి ‘తిరిగివచ్చే హక్కు చట్టం’ కింద పౌరసత్వం అడిగాడు. ప్రతి యూదుడికీ ఇజ్రాయెల్ వచ్చి స్థిరపడే హక్కు ఉందని చెప్పే చట్టం అది. నా మతం కేథలిక్, నా జాతి యూదు అని దరఖాస్తులో రాశాడు. ప్రభుత్వం కాదంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

1962 డిసెంబరులో వచ్చిన తీర్పు ఇప్పుడు చదివినా మనసు నిలవదు. అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆయనకు వ్యతిరేకంగా నిలిచారు. ప్రధాన తీర్పు రాసిన మోషె సిల్బర్గ్, వందల ప్రాణాలు కాపాడిన ఈ మనిషి పట్ల యూదులంతా రుణపడి ఉన్నారని మొదటే ఒప్పుకున్నాడు. తర్వాత ఎవరూ ఊహించని మలుపు తిప్పాడు. మతధర్మాన్నే అనుసరిస్తే బ్రదర్ డేనియల్ యూదుడే, ఎందుకంటే యూదు తల్లికి పుట్టినవాడు ఎంత దూరం పోయినా యూదుడిగానే మిగులుతాడని పాత రబ్బీలు చెప్పారు. కానీ ఈ చట్టం చేసింది పార్లమెంటు. ఇది లౌకిక చట్టం. ఇందులో యూదుడు అన్నదానికి మామూలు యూదుడు ఏ అర్థం చెప్పుకుంటాడో అదే అర్థం. వీధిలో నడిచే యూదుణ్ణి అడిగితే కేథలిక్ గురువు యూదుడంటాడా? అనడు. కాబట్టి కాదు. మతం లోపలికి రమ్మంటోంది, లౌకిక చట్టం బయటే ఉంచుతోంది. థింద్‌ను తెల్లవాడు కాదన్న సామాన్యుడే ఇక్కడా సాక్షి పెట్టెలో నిలబడ్డాడు.

ఒక్క హైమ్ కోన్ మాత్రం విడిగా తీర్పు రాశాడు. నేను యూదుణ్ణి అని ఒకడు నిజాయితీగా చెప్పుకుంటే ఆ మాట చాలు, అతని అంతరంగాన్ని తవ్వే అధికారం గుమాస్తాకు లేదన్నది ఆయన వాదన. సిల్బర్గ్ మాటలో ఒక జాతి ఆత్మరక్షణ ఉంది. శతాబ్దాల పాటు బలవంతపు జ్ఞానస్నానాలు, చర్చి పేరుతో దాడులు చూసిన జనానికి, మతం మారడమంటే అవతలి గట్టు చేరడమే. ఆ బాధను తక్కువ చేయడానికి వీల్లేదు. అయినా న్యాయం కోన్ వైపే ఉంది. యూదుణ్ణని ఒప్పుకుంటే చావు తప్పదని తెలిసి కూడా పోలీసు అధికారి ముందు ఆ మాట చెప్పినవాడి దగ్గర, ఆ మాటకు అంతకంటే పెద్ద రుజువు ఏ కోర్టు అడగగలదు?

డేనియల్ మామూలు దరఖాస్తుదారుల మార్గంలో ఇజ్రాయెల్ పౌరుడయ్యాడు. హీబ్రూలో ప్రార్థించే చిన్న కేథలిక్ సంఘాన్ని నడిపాడు. 1998లో హైఫాలో కన్నుమూశాడు. ల్యూద్మిలా ఉలిత్స్కయా రష్యన్ నవల ‘డేనియల్ స్టైన్, దుబాసీ’ ఆయన జీవితం ఆధారంగా రాసిందే.

తర్వాత సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. బెంజమిన్ షలిత్ అనే నౌకాదళ అధికారి భార్య స్కాట్లాండ్ మూలాలున్న, యూదురాలు కాని స్త్రీ. పిల్లలకు మతం గడి ఖాళీగా వదిలి, జాతి గడిలో యూదు అని రాయమని ఆయన అడిగాడు. 1970 జనవరిలో తొమ్మిదిమంది న్యాయమూర్తులు 5-4గా చీలి ఆయన పక్షాన తీర్పిచ్చారు. రెండు నెలల్లో పార్లమెంటు చట్టం సవరించింది. యూదు తల్లికి పుట్టినవాడో, మతం పుచ్చుకున్నవాడో అయి, వేరే మతంలో లేనివాడే యూదుడని రాసింది. అదే సవరణలో యూదుల పిల్లలకు, మనవలకు, వాళ్ల జీవిత భాగస్వాములకు కూడా వచ్చి స్థిరపడే హక్కు ఇచ్చింది. రష్యన్ ఇళ్లలోని ఆ చిక్కుముడి ఇక్కడ పడిందే. ఇక భాషాశాస్త్రవేత్త ఊజీ ఓర్నన్, మరికొందరు తమ జాతిని ‘ఇజ్రాయెలీ’ అని నమోదు చేయమని అడిగారు. ఇజ్రాయెలీ జాతి అనేది ఒకటుందని రుజువు కాలేదని 2013లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ దేశంలో ఇజ్రాయెలీ పౌరసత్వం ఉంది, ఇజ్రాయెలీ జాతి లేదు. గుర్తింపు కార్డు మీద ఇప్పుడు జాతి పేరు కనిపించదు. జనాభా రిజిస్టర్‌లో వివరం అలాగే ఉంది. ఒక దేశపు పౌరుడంటే ఆ జాతివాడే అనుకునే అమెరికా పాఠకుడికి ఇది తలకెక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు పాఠకుడికి మాత్రం ఇదంతా దూరపు కథ కాదు. గుంటూరుకు దగ్గర్లో, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఒక చిన్న సినగాగ్ ఉంది. 1980ల చివర్లో, 1990ల మొదట్లో యాకోబీ సోదరుల చొరవతో అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలు తమను యూదులుగా ప్రకటించుకున్నాయి. అంతకుముందు వాళ్లు బాప్టిస్టు క్రైస్తవులు. తాము ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అంటారు. పేరు బెనె ఎఫ్రాయిము. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. పెద్దకూర తినడం, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టడం లాంటి తమ పాత ఆచారాలను ఆ వంశానికి ఆనవాళ్లుగా చూపిస్తారు. మణిపూర్, మిజోరంలలోని బెనె మెనాషేలను తప్పిపోయిన గోత్రపు సంతతిగా 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు ఒప్పుకున్నారు. కొత్తరెడ్డిపాలెం వాళ్లకు ఒక సముదాయంగా ఆ గుర్తింపు దక్కలేదు.

విమానం టిక్కెట్టు కోసమేనని వీళ్లను తేలిగ్గా మాట్లాడేవాళ్లున్నారు. అది అన్యాయం. ఊరు ఒక పేరు పెట్టి వెలి వాడలో ఉంచిన మనిషి, తన పేరు తానే పెట్టుకోవాలనుకోవడం కంటే గంభీరమైన కోరిక ఏముంటుంది? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షల మందితో బౌద్ధం స్వీకరించింది ఈ కోరికతోనే. అంతకు 21 ఏళ్ల ముందే, 1935లో యేవలాలో, తాను హిందువుగా చనిపోనని ఆయన ప్రకటించాడు.

మన రాజ్యం మాత్రం ఈ ప్రశ్నను సిల్బర్గ్‌లాగే, మతం చూసి తేలుస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాలేడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితుడు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌లోకి జారిపోతాడు. ఊళ్లో అతని ఇల్లు అక్కడే ఉంటుంది, అతన్ని పిలిచే పిలుపు మారదు, శ్మశానం కూడా చాలాచోట్ల వేరే. కాగితం మీద మాత్రం కులం మాయమవుతుంది. అందుకే ఎన్నో ఇళ్లలో ఆదివారం చర్చికి వెళ్లేవాడు సర్టిఫికెట్‌లో హిందూ మాదిగ, హిందూ మాల. ఇది మోసం అని తీర్పు చెప్పే ముందు, ఒక్క మనిషిని రెండు ముక్కలు చేసిన ఉత్తర్వు వైపు చూడాలి.

ఈ విషయంలో సుప్రీంకోర్టు ముందుకు గుంటూరు వైద్య కళాశాల కేసే ఒకటి వెళ్లింది. తల్లిదండ్రులు మాదిగలు, క్రైస్తవం తీసుకున్నారు. కొడుకు హిందూమతంలోకి వచ్చి షెడ్యూల్డ్ కులాల సీటు అడిగాడు. పుట్టుకతో హిందువు కాదంటూ నిరాకరించారు. 1976లో రాజ్యాంగ ధర్మాసనం, మతంలోకి తిరిగి వచ్చినవాణ్ణి కులం తనలో చేర్చుకుంటే అతను ఆ కులస్థుడేనని చెప్పింది. ఆ విద్యార్థికి అది మేలు చేసిన తీర్పే. అయినా తాళం చెవి ఆ మనిషి చేతిలో లేదు, తనవాళ్ల ఆమోదంలో ఉంది. 1985లో మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒకాయన కేసు వచ్చింది. ఆ పనివాళ్లకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు తనకు క్రైస్తవుణ్ణని ఇవ్వలేదన్నది ఆయన ఫిర్యాదు. పాత వివక్ష కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉందని చూపలేదంటూ కోర్టు ఒప్పుకోలేదు. ఎండలో అదే మూల, చేతిలో అదే ఆరె. ఇంకేం చూపాలి?

నోవాకూ అరోకూ మధ్య వచ్చిన తగాదా, రష్యన్ యూదుడికీ న్యూయార్క్ భక్తుడికీ మధ్య వచ్చే తగాదా, పల్నాడు క్రైస్తవ దళితుడికీ ఆయన్ని ‘ఇంకా కులమేమిటి’ అని అడిగే హైదరాబాద్ మిత్రుడికీ మధ్య వచ్చే తగాదా ఒక్క కుదురువే. ప్రతి ఒక్కరూ తమ ప్రభుత్వం నేర్పిన గడులను ప్రకృతి నియమంగా నమ్ముతారు. ఎదుటివాడి మాట ఆ గడుల్లో పట్టకపోతే, వాడు అబద్ధం చెబుతున్నాడనో, తెలివితక్కువవాడనో అనుకుంటారు. ఎదుటివాడు ‘నేను ఇది’ అన్నప్పుడు ముందు నమ్మాలి, ఆ పేరు వాడికి ఏ కాలంలో ఎంత ఖరీదుకు వచ్చిందో తర్వాత అడగాలి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. తనవాళ్లు ఒప్పుకోవడం అవసరమే, ఒంటరి మనిషి తనకు తానే ఒక జాతి కాలేడు. కానీ ఆ ఒప్పుకోలు మనుషుల మధ్య జరగాల్సిన పని. దాన్ని రాజ్యం గుమాస్తా చేతికి అప్పగించినప్పుడల్లా డేనియల్ లాంటివాళ్లు గుమ్మం బయట నిలబడ్డారు.

దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. ఈ సంగతి పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం 2022 అక్టోబరులో కమిషన్ వేసి, తర్వాత గడువు పొడిగించింది. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే జనగణనలో, 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాల లెక్కా తీస్తామని ప్రకటించింది. 2011లో హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు చెప్పినవాళ్లనే షెడ్యూల్డ్ కులాల కింద రాసుకున్నారు. అదే నియమం కొనసాగితే, కొత్తరెడ్డిపాలెంలో గడప ముందు నిలబడ్డ ఎన్యూమరేటర్‌కు ఇంటిపెద్ద యూదులమంటే ఎస్సీ గడి మూసుకుపోతుంది, హిందువులమంటే వాళ్ల సినగాగ్ లెక్కలో లేకుండా పోతుంది. అక్కడ మారాల్సింది ఇంటిపెద్ద చెప్పే జవాబు కాదు. ఇప్పటికే రెండుసార్లు సవరించిన 1950 ఉత్తర్వును మూడోసారి సవరించి, అందులోంచి మతం షరతును తీసేయడానికి 341వ అధికరణం కింద పార్లమెంటు చేసే ఒక్క చట్టం చాలు.